మా అబ్బాయి కాలేజీకి వెళ్లడట, కరెంటు పని నేర్చుకుంటాడట

రారిటన్ ఒడ్డు (ఎడిసన్, న్యూజెర్సీ), అక్టోబరు 6, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. పదేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ రాసింది తక్కువ. ఈరోజు రాయక తప్పడం లేదు.

మా పెద్దవాడు పన్నెండో తరగతి. ఇక్కడే పుట్టాడు. లెక్కల్లో బీ, తక్కిన వాటిలో బీలూ సీలూ. కాలేజీ దరఖాస్తు వ్యాసాలు ఎంతవరకు వచ్చాయని ఆదివారం అడిగితే, "రాయడం లేదు నాన్నా. యూనియన్‌లో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరతాను" అన్నాడు. వేసవిలో మా బేస్‌మెంట్ పనికి వచ్చిన ఎలక్ట్రీషియన్ వెంట మూడు రోజులు తిరిగాడు. అప్పుడు ముచ్చటపడ్డాను. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

మాది గుంటూరు జిల్లాలో చిన్న పల్లె. చదవకపోతే గేదెలు కాసుకోవాలని మా నాన్న రోజూ బెదిరించేవారు. ఆ భయంతోనే ఇంత దూరం వచ్చాను. మా ఆవిడ రెండు రోజులుగా మాట్లాడడం లేదు. వాడితో కాదు, నాతో. వాణ్ణి ఆ ఎలక్ట్రీషియన్ వెంట తిరగనిచ్చింది నేనేనట.

వీణ్ణి ఎలా దారికి తేవాలి? మన వాళ్లలో ఎవరి పిల్లలైనా ఇటు వెళ్లారా? దయచేసి హాస్యాలు వద్దు.

వాన చినుకు (సియాటెల్), అక్టోబరు 6, రాత్రి 11:15

వాదన తరువాత పెట్టుకోవచ్చు. చాలా కాలేజీలకు ముందస్తు దరఖాస్తు గడువు నవంబరు 1. "రెండూ పెట్టు, ఏది వస్తే అది చూద్దాం" అనండి. ఈ వయసు పిల్లలు "వద్దు" అంటే మొండికేస్తారు, "రెండూ" అంటే వింటారు.

మొహమాటం లేని మనిషి (ఫ్రిస్కో, టెక్సస్), అక్టోబరు 7, ఉదయం 6:30

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. మీ నాన్నగారు పొలంలో కష్టపడి మిమ్మల్ని చదివిస్తే, మీరు కొడుకును మళ్లీ నిచ్చెన ఎక్కిస్తారా? నిజం నిచ్చెన గురించే అంటున్నాను. మొన్న మా ఇంటికి వచ్చిన కరెంటు అతనికి నలభై ఎనిమిదేళ్లు. మోకాళ్ల మీద వంగలేక మూలుగుతున్నాడు. గంటకు పాతిక డాలర్లు ఇస్తారని చెప్పాడు. ఆరోగ్య బీమా లేదు. పదిహేడేళ్ల పిల్లవాడికి మూడు రోజుల సరదాయే తెలుస్తుంది, ముప్పై ఏళ్ల నడుము నొప్పి తెలియదు. అది చెప్పాల్సింది తండ్రి.

తీగల మేస్త్రి (చికాగో), అక్టోబరు 7, రాత్రి 8:05

రారిటన్ గారూ, నేను ఎలక్ట్రీషియన్‌ని. ఐబీఈడబ్ల్యూ అనే ఎలక్ట్రీషియన్ల యూనియన్‌లో సభ్యుణ్ణి. పన్నెండేళ్ల వయసులో కరీంనగర్ నుంచి అమ్మానాన్నలతో వచ్చాను, 2006లో అప్రెంటిస్‌గా చేరాను. ఈ వేదికలో నా వృత్తి ఇప్పటిదాకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో పై సందేశం చదివితే మీకే తెలుస్తుంది.

మొహమాటం లేని మిత్రుడు చూసిన మనిషి నిజమే. అయితే ఆయన చూసింది టెక్సస్‌లో, ఇళ్ల పనిలో, బహుశా యూనియన్ లేని చోట. పనివాళ్లను యూనియన్ రుసుము కట్టమని నిర్బంధించరాదనే చట్టం టెక్సస్‌లో 1947 నుంచి ఉంది. అక్కడ యూనియన్లు బక్కచిక్కి ఉంటాయి, బేరం చేసే బలం తక్కువ. న్యూజెర్సీలో, ఇలినాయిలో కథ వేరు. "ఎలక్ట్రీషియన్" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జీవితాలు ఉన్నాయి. మీ అబ్బాయి అడుగుతున్నది రెండోది.

అది ఎలా నడుస్తుందో చెబుతాను. శిక్షణ కేంద్రాన్ని యూనియన్, కాంట్రాక్టర్ల సంఘం కలిసి నడుపుతాయి. కమిటీలో సగం వీళ్లు, సగం వాళ్లు. పనిచేసే ప్రతి గంటకూ కాంట్రాక్టర్లు కొన్ని సెంట్లు శిక్షణ నిధికి జమ చేస్తారు. అందుకే విద్యార్థికి పుస్తకాల ఖర్చు, చిన్న రుసుము తప్ప పెద్దగా పడదు. వాణిజ్య భవనాలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలలో వైరింగ్ చేసే విభాగానికి అయిదేళ్లు పడుతుంది. పనిలో 8,000 గంటలు, తరగతి గదిలో సుమారు 900 గంటలు. మొదటి రోజు నుంచే జీతం. పూర్తి పనివాణ్ణి జర్నీమన్ అంటాం. అతని రేటులో 40 నుంచి 50 శాతంతో మొదలై, గంటలు, తరగతులు పూర్తయ్యే కొద్దీ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆరోగ్య బీమా, పెన్షన్ యూనియన్ నిధుల నుంచి వస్తాయి. కాంట్రాక్టర్ మారినా అవి మారవు.

ఇక చేదు సంగతి. 2009లో నేను మూడో ఏడు అప్రెంటిస్‌ని. చికాగోలో క్రేన్లు ఆగిపోయాయి. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాను. పని పంచే యూనియన్ హాల్‌లో పేరు రాయించుకుని, ఫోను ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూపులు. ఆ కాలంలో నిరుద్యోగ భృతితో బతికాను. మా నాన్న ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే బరువుగా ఉండేది. నిర్మాణ రంగంలో పని అలలా వస్తుంది, అలలా పోతుంది. ఇది తెలిసి చేరాలి. అల లేని ఉద్యోగం మీ ఐటీలోనూ లేదని 2022 చివర ఉద్యోగాల కోతలప్పుడు అందరం చూశాం కదా.

వాన చినుకు, అక్టోబరు 7, రాత్రి 8:40

మేస్త్రి గారూ, ఇన్నేళ్లూ దాచుకున్నారా! కిందటేడు నా ఇంటి కరెంటు ప్యానెల్ గురించి అడిగితే అంత వివరంగా జవాబు ఎలా ఇచ్చారో ఇప్పుడు అర్థమైంది.

నూటికి నూరు (కొలంబస్, ఒహాయో), అక్టోబరు 7, రాత్రి 9:20

అంకెల విషయంలో జాగ్రత్త. కార్మిక గణాంక శాఖ లెక్కల ప్రకారం 2023 మేలో దేశం మొత్తం మీద ఎలక్ట్రీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 61,590 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే. పెద్ద నగరాల యూనియన్ రేటు దీనికన్నా చాలా ఎక్కువ, కానీ సీటు అందరికీ దొరకదు. మీరు పోల్చాల్సింది కంప్యూటర్ సైన్స్‌లో మొదటి వరుస విద్యార్థితో కాదు. లెక్కల్లో బీ వచ్చే మీ అబ్బాయి, ఇష్టం లేని డిగ్రీలో చేరి, హాస్టల్‌తో కలిపి ఏడాదికి ముప్పై వేల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, మూడో ఏట మానేస్తే ఎలా ఉంటుందో దానితో పోల్చండి. డిగ్రీ లేదు, అప్పు ఉంది. అన్నిటికంటే అధ్వాన్నమైన దారి అదే. దాని గురించి మన విందుల్లో ఎవరూ మాట్లాడరు.

క్యూలో నిలబడ్డవాడు (షార్లెట్), అక్టోబరు 8, ఉదయం 7:10

మా వాడికి పదిహేడు. హైదరాబాద్‌లో పుట్టాడు, హెచ్-4 మీద, అంటే మా ఉద్యోగ వీసాకు అనుబంధంగా కుటుంబానికి ఇచ్చే వీసా మీద ఉన్నాడు. గ్రీన్ కార్డు వరుసలో పదకొండేళ్లుగా ఉన్నాం. వాడికి కార్ల ఇంజిన్లంటే ప్రాణం. ఈ చర్చ చదివి నిన్న రాత్రి వాడికి చెబుదామనుకున్నాను. వాడికీ ఈ దారి ఉందా?

నూటికి నూరు, అక్టోబరు 8, ఉదయం 7:45

లేదండీ. మన్నించండి. అప్రెంటిస్‌షిప్ అంటే మొదటి రోజు నుంచే జీతం వచ్చే ఉద్యోగం. పని అనుమతి కావాలి. హెచ్-4 పిల్లలకు అది లేదు, కొందరు జీవిత భాగస్వాములకే ఉంది. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 కూడా పోతుంది. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద కాలేజీలో ఉండక తప్పదు. మన పిల్లల్లో చాలామందికి కాలేజీ ఇష్టమో గౌరవమో కాదు, ఈ దేశంలో నిలవడానికి మిగిలిన ఒకే కిటికీ. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న పిల్లలకే ఈ ఎంపిక.

క్యూలో నిలబడ్డవాడు, అక్టోబరు 8, ఉదయం 7:52

అర్థమైంది. చెప్పకపోవడమే మంచిదైంది.

వెల్డర్ అమ్మ (మిషిగన్), అక్టోబరు 8, మధ్యాహ్నం 1:30

మా అమ్మాయి పైప్‌ఫిటర్ అప్రెంటిస్, రెండో ఏడు. అవును, అమ్మాయే. ఇదీ అయిదేళ్ల శిక్షణే. చేరిన కొత్తలో మా బంధువులకు "మెకానికల్ లైన్‌లో ఉంది" అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకసారి అది పక్కనే ఉండి విని, ఫోను లాక్కుని, "అత్తయ్యా, నేను పైపులు వెల్డింగ్ చేస్తాను" అని చెప్పేసింది. అవతల అయిదు సెకన్ల నిశ్శబ్దం. తరువాత మా ఆడపడుచు "కళ్లు జాగ్రత్త తల్లీ" అంది. అంతే. ఆకాశం ఊడి పడలేదు.

కష్టాలు చెప్పాలంటే, ఆడపిల్లలు ఈ పనుల్లో వందకు కొద్దిమందే. మొదటి సైట్‌లో దాని చేతికి సరిపోయే తోలు చేతి తొడుగులు దొరకలేదు. నడుముకు కట్టుకునే రక్షణ పట్టీలు మగవాళ్ల కొలతలవే. ఒక ఫోర్‌మన్ నెలరోజుల పాటు చీపురు తప్ప ఏమీ ఇవ్వలేదు. యూనియన్ ప్రతినిధితో మాట్లాడాక వేరే కాంట్రాక్టర్ దగ్గరకు మార్చారు. అలా మార్పించుకునే దారి ఉండడమే నాకు నచ్చిన విషయం. నా ఆఫీసులో అటువంటి మేనేజరును నాలుగేళ్లు భరించాను.

సంబంధాల సంగతి ఎవరైనా అడుగుతారని తెలుసు. దానికి ఇంకా ఇరవై రాలేదు. అప్పుడు చూద్దాం.

పాత ఫిట్టర్ (హ్యూస్టన్), అక్టోబరు 8, సాయంత్రం 5:00

చిరంజీవులందరికీ ఆశీస్సులు. నాకు డెబ్బై నాలుగు. మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. టైపు చేయడం నెమ్మది, తప్పులుంటే మన్నించండి.

నేను ఐటీఐ ఫిట్టర్‌ని. విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసి పదవీ విరమణ పొందాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ తీసుకున్నాను. మా బ్యాచ్‌లో శిక్షణ ముగిశాక ఇంటికి వెళ్లిపోయినవాళ్లు చాలామంది. ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. స్టైపెండు ఇచ్చి, పని నేర్పి, నమస్కారం పెట్టి పంపేవారు. ఈ దేశంలో శిక్షణతో పాటే జీతం, ఉద్యోగం ఉంటాయని మేస్త్రి బాబు రాసింది చదివి, ఆ తేడా ఎంత పెద్దదో మీకు తెలియదేమో అనిపించి రాస్తున్నాను.

ఇంకొకటి. నాకు జీతం, క్వార్టర్సు, వైద్యం, ఇద్దరు పిల్లల చదువు, అన్నీ ఆ పని నుంచే వచ్చాయి. యూనియన్ వేతన ఒప్పందాల కోసం గేటు ముందు కూర్చున్న రోజులూ ఉన్నాయి. అయినా నా పిల్లలను వర్క్‌షాప్ చూడటానికి ఒక్కసారి కూడా తీసుకువెళ్లలేదు. వాళ్లు నా చేతుల మీది గ్రీజు చూడకూడదనుకున్నాను. స్కూలు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర "ఉద్యోగి" అని రాయించాను. మా అమ్మాయి నిన్న ఈ చర్చ నాకు చదివి వినిపించి, "నాన్నా, మీరు ఓడల్లో అసలు ఏం చేసేవారు?" అని అడిగింది. దానికి నలభై ఏడేళ్లు.

ప్రొపెల్లరు షాఫ్టు అమరిక గురించి గంటసేపు చెప్పాను. విన్నది.

మొహమాటం లేని మనిషి, అక్టోబరు 8, రాత్రి 9:00

బాబాయి గారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ మోకాళ్ల ప్రశ్న అలాగే ఉంది. మేస్త్రి గారు చెప్పాలి.

తీగల మేస్త్రి, అక్టోబరు 8, రాత్రి 10:10

న్యాయమైన ప్రశ్న. నా కుడి భుజం ఇప్పటికే మాట వినడం లేదు. రోజంతా తల పైకెత్తి, తీగలు పోయే పైపులు బిగిస్తే అంతే. మా వాళ్లు చాలామంది యాభై దాటాక ఫోర్‌మన్‌గానో, ఖర్చు అంచనాలు వేసేవాళ్లుగానో, శిక్షణ కేంద్రంలో బోధకులుగానో, ఇన్‌స్పెక్టర్లుగానో మారతారు. మారలేనివాళ్లూ ఉన్నారు. కరెంటు పనిలో ప్రాణానికీ ముప్పు ఉంది. మా యూనియన్ 1891లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ స్వయంగా లైన్‌మన్. 1896లో పనిలో ఉండగా షాక్ కొట్టి, కిందపడి చనిపోయాడు. జీతం పెంచమనడానికి ముందే, బతకనివ్వండి అని అడగడానికి పుట్టిన సంఘం ఇది. ఇప్పుడు ముందు కరెంటు ఆపి, తాళం వేసి, మీటరుతో పరీక్షించాకే తీగ ముట్టుకోవాలి. మీ అబ్బాయిని భయపెట్టాలనుకుంటే గేదెలతో కాదు, దీనితో భయపెట్టండి. ఆ భయం పనికొస్తుంది.

అన్నట్టు, ఎడిసన్ ఊళ్లో ఉంటూ కరెంటు పనికి నామోషీ పడితే ఎలాగండీ? థామస్ ఎడిసన్ మెన్లో పార్క్ ప్రయోగశాల మీ ఊళ్లోనే ఉండేది, 1954లో ఊరి పేరు మార్చింది ఆయన కోసమే. హాస్యం వద్దన్నారు, ఈ ఒక్కటీ వదిలేయండి.

రారిటన్ ఒడ్డు, అక్టోబరు 9, రాత్రి 11:30

అందరికీ కృతజ్ఞతలు. బాబాయి గారి సందేశం మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ కాఫీ ఇచ్చింది.

"ఎలా దారికి తేవాలి" అని అడిగినందుకు ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉంది. ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త ప్రశ్న: చేరడం ఎలా? ఇది ఫారం నింపితే వచ్చే సీటు కాదని వాడే చెబుతున్నాడు.

తీగల మేస్త్రి, అక్టోబరు 10, సాయంత్రం 6:20

కాదు. చేరేనాటికి పద్దెనిమిదేళ్లు నిండాలి, హైస్కూల్ పూర్తి కావాలి, ఒక ఏడాది ఆల్జీబ్రాలో కనీసం సీ ఉండాలి. ఆ పైన అర్హత పరీక్ష. నేను రాసినప్పుడు ఆల్జీబ్రా 33 ప్రశ్నలు 46 నిమిషాల్లో, చదివి అర్థం చేసుకునే భాగం 36 ప్రశ్నలు 51 నిమిషాల్లో. కాలిక్యులేటర్ లేదు. తొమ్మిది పాయింట్ల కొలమానంలో నాలుగు వస్తే ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇంటర్వ్యూలో యూనియన్, కాంట్రాక్టర్లు కలిసి కూర్చుంటారు. వచ్చిన మార్కులతో ర్యాంకు జాబితా కడతారు. పని ఉన్నకొద్దీ పై నుంచి పిలుస్తారు. నెలలు పట్టవచ్చు.

పరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూలో పోయేవాళ్లే ఎక్కువ. "ఎందుకు ఈ పని" అంటే మన పిల్లలు "జీతం బాగుంటుంది" అంటారు. అది చాలదు. ఈలోగా ఎలక్ట్రికల్ సామాన్ల గిడ్డంగిలో పార్ట్‌టైమ్ చేరమనండి. సామాను పేర్లు నోటికి వస్తాయి, ఉదయం అయిదున్నరకు లేవగలడో లేదో కూడా తేలుతుంది. కారు లైసెన్సు ఉండాలి. డ్రగ్ పరీక్ష ఉంటుంది. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కదా అనే వాదన మా సైట్లలో చెల్లదు. ఒకప్పుడు ఈ సీట్లు తండ్రి నుంచి కొడుక్కి, మామ నుంచి అల్లుడికి పోయేవన్నది నిజమే. ఆ వాసన పూర్తిగా పోయిందని చెప్పను. మొదటిసారి రాకపోతే మళ్లీ పెట్టాలి. నాకు రెండోసారి వచ్చింది.

లెక్కల పంతులమ్మ (శాన్ ఆంటోనియో), అక్టోబరు 10, రాత్రి 8:00

హైస్కూల్లో లెక్కలు చెబుతాను. భిన్నాలు చేత్తో చేయించండి. మన పిల్లలు క్యాల్‌కులస్ చేస్తారు కానీ 3/8కి 5/16 కలపమంటే ఫోను తీస్తారు.

ఒక సరదా సంగతి. అడ్డంకి దాటించడానికి పైపును రెండు చోట్ల 30 డిగ్రీలు వంచితే, వంపుల మధ్య దూరం అడ్డంకి ఎత్తుకు రెండింతలు ఉండాలి. 45 డిగ్రీలయితే 1.4 రెట్లు. ఎలక్ట్రీషియన్లకు ఇవి నోటికి వచ్చు. ఇది త్రికోణమితిలోని కొసెకెంట్ తప్ప మరేమీ కాదు. "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది టీచర్" అని అడిగేవాళ్లకు ఇప్పుడు ఒక పైపు ముక్క చూపిస్తున్నాను.

నూటికి నూరు, అక్టోబరు 10, రాత్రి 8:35

కాలేజీ కోసం దాచిన 529 ఖాతా వృథా అవుతుందని దిగులు పడకండి. 2019 చివర వచ్చిన సెక్యూర్ చట్టం తరువాత, కార్మిక శాఖ దగ్గర నమోదైన అప్రెంటిస్‌షిప్‌కు రుసుము, పుస్తకాలు, పనిముట్లు ఆ డబ్బుతో కొనవచ్చు. మిగిలింది తమ్ముడికో చెల్లెలికో మార్చవచ్చు. కాలేజీ తలుపూ మూసుకోదు. ఐబీఈడబ్ల్యూ న్యూయార్క్ శాఖ లోకల్ 3లో అయితే అప్రెంటిస్‌లు పనితో పాటు కాలేజీ కోర్సులూ చేయాల్సిందే.

రారిటన్ ఒడ్డు, ఫిబ్రవరి 21, రాత్రి 9:45

చాలా రోజులైంది. పరీక్ష రాశాడు, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మూడు నెలలుగా శనివారాలు గిడ్డంగిలో పని. డైనింగ్ టేబుల్ మీద భిన్నాల కాగితాలు. ఒక రాత్రి నేను కూడా కూర్చుని 46 నిమిషాల పరీక్ష రాశాను. వాడికంటే రెండు తక్కువ వచ్చాయి. నేను ఎంటెక్.

మా స్నేహితుల ఇంట్లో సంక్రాంతి భోజనాలప్పుడు ఒకాయన "మీ వాడు ఎక్కడికి అప్లై చేశాడు" అని అడిగారు. నేను తడబడుతుండగా మా ఆవిడ చెప్పేసింది. ఆయన నన్ను పక్కకు తీసుకువెళ్లి, సానుభూతి చెబుతారనుకుంటే, తన ఇంటి ప్యానెల్ మార్చడానికి ఎంత అవుతుందో వాణ్ణి కనుక్కోమన్నారు.

మొహమాటం లేని మనిషి, ఫిబ్రవరి 21, రాత్రి 10:00

ఇంకా అప్రెంటిస్ కూడా కాలేదు, అప్పుడే ఉచిత సేవ అడుగుతున్నారా? మన జాతి మారదు. అబ్బాయికి శుభాకాంక్షలు. నా అభిప్రాయం సగం మాత్రమే మారింది.

రారిటన్ ఒడ్డు, ఆగస్టు 14, రాత్రి 8:10

ఇది ఆయన ఖాతా, రాస్తున్నది నేను, వాళ్ల అమ్మను. ర్యాంకు 41 వచ్చింది. మొన్నటిదాకా పిలుపు లేక, ముందు జాగ్రత్తగా కౌంటీ కాలేజీలో రెండు కోర్సులకు పేరు ఇప్పించాం. నిన్న ఫోను వచ్చింది. సోమవారం ఉదయం ఆరింటికి ఒక ఆసుపత్రి కట్టడం దగ్గర ఉండాలట. పనిముట్ల జాబితా వాళ్లే పంపారు, బూట్లు కొన్నాం.

నా ప్రశ్న వేరు. అక్కడ వేడి చేసుకోవడానికి ఏమైనా ఉంటుందా? వీడికి మధ్యాహ్నం అన్నం లేకపోతే కుదరదు.

వెల్డర్ అమ్మ, ఆగస్టు 14, రాత్రి 8:25

చెల్లెమ్మా, మొదటి వారం ఏమీ ఉంటుందనుకోవద్దు. పులిహోర, పెరుగన్నం శ్రేష్ఠం. సాంబారు పెట్టవద్దు, నిచ్చెన ఎక్కి దిగేసరికి సంచంతా అదే. నీళ్లు రెండు లీటర్లకు తక్కువ కాకుండా పెట్టండి. కొంచెం ఎక్కువే కట్టండి, పక్కవాళ్లు అడుగుతారు.

తీగల మేస్త్రి, ఆగస్టు 14, రాత్రి 9:02

బూట్లు సోమవారం దాకా దాచకండి. ఈ మూడు రోజులూ ఇంట్లోనే తొడుక్కుని తిరగమనండి. కొత్త బూట్లతో మొదటి రోజు పది గంటలు నిలబడితే మడమలు లేచిపోతాయి. పులిహోర సంగతి మాత్రం నేను చేరిన కొత్తలో నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.